చెరువు నిర్వచనంలో పక్షికి చోటెక్కడ? – కోస్గి ప్రాంతపు చిత్తడి నేలలపై విమర్శాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

దక్షిణ తెలంగాణ ఎగువభూముల్లో వలస పక్షులకు శీతాకాలపు ఆవాసం సహజ సరస్సులు కావు. సేద్యం కోసం మనుషులు కట్టుకున్న చెరువులు, కుంటలు. వాతావరణ మార్పు, నీటి వాడకంలో వచ్చిన మార్పు ఈ ఆవాసాన్ని రెండు వైపుల నుంచి ఒత్తుతున్నాయి. అయితే ఆ ఒత్తిడి కంటే ముందు గమనించవలసింది, చెరువును నిర్వచించే తీరులోనే పక్షికి చోటు లేకపోవడం. కావ్యసంప్రదాయం, శాసనసంప్రదాయం, ఆధునిక ప్రభుత్వ విధానం, చట్టం, పత్రికాభాష అనే ఐదు రంగాలలో చెరువు–పక్షి సంబంధం ఎలా రూపొందిందో కోస్గి ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం విమర్శిస్తుంది.

కీలకపదాలు: చిత్తడి నేలలు, గొలుసుకట్టు చెరువులు, శిఖం, వలస పక్షులు, పాలమూరు, ఎత్తిపోతల పథకాలు, వాతావరణ మార్పు.

1. ఉపోద్ఘాతం

కోస్గి ఒకప్పుడు నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ వంశపు జాగీరు. తరువాత మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమై, 2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన నారాయణపేట జిల్లాలో చేరింది. కృష్ణా పరీవాహకంలోని ఈ ఎగువభూమిలో వర్షపాతం తక్కువ. అడుగున గట్టి రాయి ఉండటం వల్ల భూగర్భంలో నీరు నిలిచే చోటు కూడా తక్కువే. ఏడాది పొడవునా పారే నది దగ్గరలో లేని ఇటువంటి నేలలో, వాన నీటిని కట్టకట్టి ఆపుకోవడమే బతుకుతెరువు. అందుకే ఈ ప్రాంతంలో సరస్సు అనదగినది ఏదైనా ఉంటే అది చెరువే.

మధ్య ఆసియా వలస మార్గం ముప్పై దేశాల మీదుగా సాగుతుంది. 182 జాతుల నీటిపక్షులకు చెందిన 279 సమూహాలు ఈ మార్గాన్ని ఉపయోగిస్తాయని, వాటిలో 29 జాతులు ప్రపంచస్థాయిలో ముప్పును ఎదుర్కొంటున్నాయని అంతర్జాతీయ పత్రాలు చెబుతున్నాయి. భారతదేశం 2018లో ఈ మార్గం కోసం జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. 2020 ఫిబ్రవరిలో వలస జాతుల అంతర్జాతీయ ఒడంబడిక సదస్సుకు గాంధీనగర్‌లో ఆతిథ్యమిచ్చింది. ఈ చర్చలన్నింటిలో సాధారణంగా వినిపించేవి చిలికా, కొల్లేరు, పులికాట్ వంటి పెద్ద పేర్లు. పదెకరాల కుంట పేరు ఏ జాబితాలోనూ కనిపించదు. అయితే దక్కన్ పీఠభూమిలో శీతాకాలపు పక్షికి వేలాది కుంటలే ఆధారం. ఒక కుంట ఎండితే ఇంకొక కుంటకు, అక్కడ లోతు ఎక్కువైతే మరొక కుంటకు అది మారుతుంది. కాబట్టి ఆవాసం అంటే ఒక చెరువు కాదు, చెరువుల గొలుసు.

2. రెండు చూపులు: కావ్యతటాకం, శాసనతటాకం

తెలుగు సాహిత్యంలో చెరువు పక్షి లేకుండా కనిపించదు. ప్రబంధాల కొలను వర్ణనలలో హంసలు, జక్కవలు, బెగ్గురులు తప్పనిసరి. రాత్రివేళ జంట విడిపోయే జక్కవ విరహానికి సంకేతమై, కవిసమయంగా స్థిరపడింది. ఆ సంకేతం ఎంత బలమైనదంటే, జక్కవ నిజంగా ఒక పక్షి అన్న సంగతి మరుగునపడింది. బంగారు గోధుమవన్నె శరీరంతో ఉండే ఈ బాతు మధ్య ఆసియాలోనూ, టిబెట్ పీఠభూమిలోనూ పిల్లలను చేసి, శీతాకాలం గడపడానికి భారతదేశానికి వస్తుంది. హంస విషయమూ అంతే. మేఘదూతంలో వర్షాకాలారంభాన హంసలు మానససరోవరం వైపు సాగిపోతాయి. తలపై రెండు నల్లని చారలుండే హిమాలయపు బాతు చేసే ప్రయాణానికీ, ఈ వర్ణనకూ దిశలో పొంతన ఉంది. ఆ బాతు వేసవిలో టిబెట్, మంగోలియా సరస్సుల వద్ద గూళ్ళు కట్టి, శీతాకాలంలో దక్షిణానికి వస్తుంది. హిమాలయాలను దాటేటప్పుడు 7,000 మీటర్లకు పైన ఎగిరినట్లు ఉపగ్రహ పరికరాలు నమోదు చేశాయి. భారతీయ సాహిత్యంలోనూ శిల్పంలోనూ హంస అసలు ఏ పక్షి అనే ప్రశ్నను డచ్చి పండితుడు ఫోగెల్ 1962లో ప్రచురించిన గ్రంథంలో విస్తారంగా చర్చించి, దానిని బాతుజాతి పక్షిగానే గుర్తించాడు.

కవిసమయం పక్షిని సజీవంగా ఉంచింది, కానీ దాని చిరునామాను చెరిపివేసింది. కావ్యంలోని కొలనులో అన్ని ఋతువులలోనూ హంసలుంటాయి. ఆ కొలనుకు తూము ఉండదు, ఆయకట్టు ఉండదు, ఎండిపోయే కాలం ఉండదు.

దీనికి ఎదురుగా శాసనసంప్రదాయం ఉంది. తటాకనిర్మాణాన్ని సప్తసంతానాలలో ఒకటిగా భావించిన సమాజం చెరువును శాస్త్రబద్ధంగా ఆలోచించింది. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను చెబుతుంది. నీటిశాస్త్రం తెలిసిన నిపుణుడు, గట్టి నేల, బలమైన రాతికట్ట, దగ్గరలో సారవంతమైన పొలం వంటివి అందులో ఉన్నాయి. ఇది ఇంజనీరు చూపు. నీటిని ఎలా ఆపాలి, ఎలా పంచాలి అన్నదే దాని ప్రశ్న.

కావ్యతటాకంలో పక్షి ఉంది, వ్యవసాయం లేదు. శాసనతటాకంలో వ్యవసాయం ఉంది, పక్షి లేదు. ఈ రెండు చూపులూ ఒకే నీటికి చెందినవని గుర్తించే భాష తెలుగులో బలంగా ఏర్పడలేదు. ఆధునిక విధానం రెండవ చూపును వారసత్వంగా స్వీకరించి, మొదటిదాన్ని అలంకారంగా విడిచిపెట్టింది.

3. చెరువు నీటి పంచాంగం

నైరుతి ఋతుపవనాలతో జూన్ నుంచి చెరువు నిండటం మొదలవుతుంది. మంచి ఏడాదిలో సెప్టెంబరు నాటికి మత్తడి దుంకుతుంది. వలస పక్షులు అక్టోబరు, నవంబరు నెలల్లో దిగుతాయి. అప్పటికి చెరువు నిండుగా ఉంటుంది. ఆ తరువాత తూము తెరుస్తారు. యాసంగి పంటకు నీరు పారుతున్న కొద్దీ చెరువు మట్టం మెల్లగా తగ్గి, శిఖం నేల అంచులనుంచి బయటపడుతుంది. బురద, పలుచని నీరు, గడ్డి విత్తనాలు, నత్తలు, పురుగుల లార్వాలు ఒక్కొక్క వారం ఒక్కొక్క మెట్టున అందుబాటులోకి వస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో చెరువు అడుగంటే వేళకు పక్షులు ఉత్తరానికి బయలుదేరుతాయి.

ఈ క్రమంలో లోతు కీలకం. చిన్న ఉల్లంకులకు కావలసింది కాలివేళ్ళు మునిగేంత నీరు, మెత్తని బురద. సూదితోక బాతు వంటివి తల కిందికి ముంచి మేస్తాయి కాబట్టి వాటికి జానెడు, మూరెడు లోతు చాలు. పెద్ద కొంగలు మోకాటిలోతులో నిలబడి వేటాడుతాయి. మునిగి మేసే బాతులకు, నీటికాకులకు, గూడబాతులకు మాత్రమే లోతైన నీరు పనికివస్తుంది. అంటే చెరువులో ఎంత నీరుంది అనే లెక్క పక్షికి సగమే సమాధానం. ఆ నీరు ఏ నెలలో ఎంత లోతున, ఎంత అంచున ఉంది అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ ఒక సాధారణ అపోహను సరిచేయవలసి ఉంది. నీటి వాడకమే పక్షికి శత్రువు అనడం సరికాదు. తూము ద్వారా నాలుగు నెలలపాటు సాగే మెల్లని వాడకమే పక్షికి మేతనేలను తయారు చేసింది. నీరు వదిలిన నీరటికాడు తెలియకుండానే ఆవాసాన్ని నిర్వహించాడు. కాబట్టి విమర్శ వాడకంపై కాదు, వాడకం తీరు మారడంపై నిలవాలి.

4. వాడకం తీరులో మూడు మార్పులు

మొదటి మార్పు బోరుబావి. సేద్యానికి ఉచిత విద్యుత్తు 2004లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరాగా మారింది. ఎండిన నేలలో రైతుకు అది ప్రాణాధారం. అయితే గట్టిరాతి నేలలో చెరువు, భూగర్భజలం వేరువేరు ఖాతాలు కావు. చుట్టూ మట్టం పడిపోతే చెరువు నీరు త్వరగా ఇంకుతుంది. ఎగువ వాగుల్లో ఊట తగ్గితే చెరువుకు చేరే నీరే తగ్గుతుంది. మార్చి వరకు నిలవవలసిన కుంట డిసెంబరులోనే ఎండితే, ప్రయాణ బడలికతో దిగిన పక్షికి నడిశీతాకాలంలో చోటు మార్చక తప్పదు.

రెండవ మార్పు పూడికతీత. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో ప్రారంభమైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను పునరుద్ధరించే లక్ష్యాన్ని పెట్టుకుంది. దశాబ్దాల నిర్లక్ష్యం తరువాత చెరువును మళ్ళీ ప్రజాచర్చలోకి తెచ్చిన ఘనత ఈ పథకానిది. సర్కారు తుమ్మ, లొట్టపీసు, గుర్రపుడెక్క నిండిన చెరువులు పక్షులకు కూడా మేలు చేసేవి కావు; కరువు ఏడాదిలో కాస్త నీరైనా నిలవడం అందరికీ లాభమే. కానీ పథకం ఫలితాన్ని కొలిచిన కొలమానాలు తీసిన మట్టి, నిలిచిన నీరు, స్థిరపడిన ఆయకట్టు. ఒడ్డు వాలును యంత్రంతో నిటారుగా తవ్వితే నిల్వ పెరుగుతుంది, పలుచని అంచు పోతుంది. నల్లమట్టి చేనుకు చేరినప్పుడు దానితోపాటు ఉల్లంకి మేతనేల కూడా తరలిపోతుందన్న లెక్క ఎక్కడా రాలేదు. 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదిలే కార్యక్రమం కూడా లోతైన, నిలకడగల నీటినే కోరుతుంది.

మూడవది ఎత్తిపోత. కోయిల్‌సాగర్, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి పథకాలు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు కృష్ణాజలాలను తెచ్చాయి. నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతల పథకానికి 2024 ఫిబ్రవరి 21న కోస్గిలోనే శంకుస్థాపన జరిగింది. భూత్పూర్ జలాశయం నుంచి నీటిని ఎత్తి సుమారు లక్ష ఎకరాలకు అందించడం దీని ఉద్దేశం. తరతరాలుగా వానమొగులు చూసి బతికిన ప్రాంతానికి ఇది న్యాయమైన హక్కు. దీన్ని పక్షుల పేరుతో ప్రశ్నించడం అన్యాయమే అవుతుంది. అయితే ఎత్తిపోత నీరు చెరువు పంచాంగాన్ని మార్చగలదు. జనవరిలో మట్టం తగ్గవలసిన చెరువును జనవరిలోనే మళ్ళీ నింపితే, అప్పుడే బయటపడిన మేతనేల మునిగిపోతుంది. ఏడాది పొడవునా నిండుగా కనిపించే చెరువు మనిషి కంటికి సమృద్ధి. కాలు మోపే బురద దొరకని పక్షికి అది ఎండిన చెరువుతో సమానం.

5. వాతావరణ మార్పు: వాన తగ్గడం కాదు, వాన నడత మారడం

భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో ప్రచురించిన అంచనా ప్రకారం 1951–2015 మధ్య దేశంలో నైరుతి వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది. అదే కాలావధిలో మధ్యభారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు మించే కుండపోతలు సుమారు 75 శాతం పెరిగాయి. మధ్యభారతపు అంకెను పాలమూరుకు యథాతథంగా అన్వయించరాదు. కానీ పొడి విరామాలు పొడవు కావడం, వాన కొద్దిరోజుల్లో కురిసిపోవడం అనే నడత చెరువుల ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు తెస్తుంది. చెరువు మెల్లగా వచ్చే వరదను పట్టుకోవడానికి కట్టినది. ఒక్కరోజులో వచ్చిన నీటిలో ఎక్కువభాగం మత్తడి మీదుగా పోతుంది. కట్ట బలహీనమైతే గండి పడుతుంది. ఆ తరువాతి పొడి కాలంలో పెరిగిన వేడి ఆవిరి నష్టాన్ని పెంచుతుంది.

పక్షికి ఇది రెండంచుల సమస్య. టిబెట్ పీఠభూమి ప్రపంచ సగటు కంటే వేగంగా వేడెక్కుతోంది. అక్కడి సరస్సులలో మంచు కరిగే కాలం మారితే గూళ్ళు కట్టే కాలం కూడా మారుతుంది. ఇక్కడ చెరువు ముందుగా ఎండుతుంది. వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఋతువులు కలిసివస్తేనే వలస సఫలమవుతుంది. ఒక కొసన జరిగే మార్పు కోస్గి చేతిలో లేదు. రెండవ కొసన కొంతైనా ఉంది. వాతావరణ మార్పును నెపంగా చూపి స్థానిక నిర్వహణ లోపాన్ని దాచడం తరచుగా జరుగుతున్నందున ఈ విభజన అవసరం.

6. చట్టంలో చెరువు అదృశ్యమైన తీరు

1971 ఫిబ్రవరి 2న రూపొందిన రామ్సార్ ఒడంబడిక చిత్తడి నేలను నిర్వచిస్తూ, సహజమైనదైనా కృత్రిమమైనదైనా ఒక్కటేనన్నది. భారతదేశపు 2010 నాటి చిత్తడి నేలల నియమాల నిర్వచనంలో జలాశయాలు, చెరువులు, మానవనిర్మిత చిత్తడి నేలలు ఉన్నాయి. వాటి స్థానంలో 2017 సెప్టెంబరులో వచ్చిన నియమాలు వరిపొలాలు, తాగునీటి కోసం కట్టిన చెరువులతోపాటు, సేద్యం కోసం ప్రత్యేకంగా నిర్మించిన కట్టడాలను కూడా నిర్వచనం నుంచి మినహాయించాయి.

దక్కన్‌లో ఈ మినహాయింపు అర్థం స్పష్టం. ఇక్కడి చెరువుల్లో అధికభాగం సేద్యం కోసమే కట్టినవి. అంటే పక్షి దిగే నీటిలో ఎక్కువభాగం చట్టం దృష్టిలో చిత్తడి నేల కాదు. ఇస్రో అంతరిక్ష అనువర్తన కేంద్రం జాతీయ పటంలో చెరువులను చిత్తడి నేలలుగానే లెక్కించింది. ఆ లెక్కలో 2.25 హెక్టార్లు మించిన 2,01,503 చిత్తడి నేలలకు రక్షణ సూత్రాలు వర్తించాలని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరి 8న ఆదేశించింది. కొత్త లెక్కలో ఆ సంఖ్య 2,31,195కు చేరగా, 2024 డిసెంబరు 11న క్షేత్రపరిశీలన పూర్తి చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. పటం చూసే కన్ను ఒకటి, నియమం చూసే కన్ను మరొకటి. 2024 ఆగస్టు నాటికి దేశంలో 85 రామ్సార్ స్థలాలుండగా తెలంగాణలో ఒక్కటీ లేకపోవడానికి చెరువును సేద్యపు పనిముట్టుగానే చూసే అలవాటు కూడా ఒక కారణంగా భావించవచ్చు.

అయితే నిర్వచనంలో చేరడమే పరిష్కారం కాదని కొల్లేరు హెచ్చరిస్తుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్సార్ జాబితాలో చేర్చి, 2006లో చేపలచెరువుల గట్లు తొలగించినా, అక్కడ పక్షికి, మనిషికి మధ్య వైరం తీరలేదు. పైనుంచి గీసిన గీత కంటే ఊరు ఒప్పుకున్న ఏర్పాటు ఎక్కువకాలం నిలుస్తుంది. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం ఇందుకు ఉదాహరణలు. అక్కడ గూళ్ళను కాపాడినవారు మొదట గ్రామస్థులే.

7. ‘విదేశీ అతిథులు’ అనే మాటపై

పత్రికల్లో శీతాకాలం రాగానే ‘సైబీరియా పక్షుల రాక’ అనే శీర్షిక పరిపాటి. దాని కింద వేసే బొమ్మ చాలాసార్లు ఎర్రకాళ్ళ కొంగది, లేదా గూడబాతుది. ఇవి సైబీరియా నుంచి వచ్చేవి కావు. దక్షిణాసియాలోనే గూళ్ళు కట్టి, నీరున్న చోటును బట్టి ప్రాంతాలు మారే పక్షులివి. ఉప్పలపాడులో పిల్లలను చేసే కొంగ తెలుగునేలకు అతిథి కాదు, ఇంటిమనిషి.

ఈ పొరపాటు కేవలం సమాచారలోపం కాదు. పక్షిని అతిథిగా భావిస్తే అది రాకపోవడానికి కారణం దాని స్వస్థలంలో వెతుకుతాము. ఇంటిదని తెలిస్తే కారణం ఇంట్లోనే వెతకవలసి వస్తుంది. దూరం నుంచి వచ్చే ఉల్లంకి, జక్కవల విషయంలోనూ ‘అతిథి’ అనే మాట పూర్తిగా సరిపోదు. ఏడాదిలో దాదాపు సగం ఇక్కడే గడిపే ప్రాణికి ఈ నేల విడిది కాదు, రెండవ ఇల్లు.

లెక్కింపు పద్ధతిలోనూ ఇటువంటి దృష్టిలోపం ఉంది. సాలిం అలీ 1931–32లో నిజాం ప్రభుత్వ సహకారంతో హైదరాబాద్ రాజ్య పక్షుల సర్వే చేశాడు. 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన సాగుతోంది. కానీ ఏడాదికి ఒకసారి, పేరున్న జలాశయాల వద్ద జరిగే గణన చిన్న కుంటల మధ్య తిరిగే పక్షి జీవితాన్ని పట్టుకోలేదు. చెరువు మట్టం వారం వారం మారే చోట లెక్క కూడా అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు సాగాలి.

8. వలస: ఒకే మాట, రెండు బతుకులు

పాలమూరులో ‘వలస’ అనే మాట పక్షి కంటే ముందు మనిషిని గుర్తుచేస్తుంది. దేశంలో ఎన్నో ఆనకట్టలు, కాలువలు పాలమూరు కూలీల రెక్కల కష్టంతో లేచాయి. ఇతరుల నేలకు నీరు తెచ్చిన చేతులు తమ నేలలో నీరు లేక ఊరు విడిచాయి. ఈ ప్రాంతపు పాటకూ కథకూ ఇదే ప్రధాన వేదన.

సాహిత్యంలో కూలీని వలసపక్షితో పోల్చడం సులువైన ఉపమానం. విమర్శకుడు దాన్ని అనుమానంతో చూడాలి. పక్షి వలస ప్రకృతి నియమం. కూలీ వలస వ్యవస్థ చేసిన బలవంతం. రెండింటినీ ఒకటి చేస్తే పేదరికం ఋతుధర్మంలా కనిపిస్తుంది. అయినా ఆ రెండు వలసలూ ఒకే పంచాంగంలో కలుస్తాయి. వానాకాలపు పంట ముగిసి కూలీ మూట కట్టుకునే నెలల్లోనే పక్షి చెరువులో దిగుతుంది. చెరువులో నీరు మార్చి వరకు నిలిస్తే యాసంగి సాగుతుంది, కొందరైనా ఊళ్ళో ఆగుతారు, పక్షికీ మేత దొరుకుతుంది. డిసెంబరులో ఎండితే ఇద్దరూ కదలవలసిందే. కాబట్టి పక్షిని కాపాడటం మనిషి నీటిని లాక్కోవడం కాదు. మెల్లగా నిండి, మెల్లగా తగ్గే చెరువు ఇద్దరి ఉమ్మడి ప్రయోజనం. ఎత్తిపోత నీరు మనిషి వలసను ఆపగలిగితే అది చారిత్రక విజయం. ఆ విజయం పక్షి వలసను కూడా ఆపే రూపంలో రాకుండా చూసుకోవడానికి ఇంకా సమయం ఉంది.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• తెలుగు సంప్రదాయంలో కావ్యం పక్షిని, శాసనం సేద్యాన్ని చూశాయి. రెండింటినీ కలిపి చెరువును చూసే భాషను నిర్మించడం పర్యావరణ విమర్శ ముందున్న పని.

• కోస్గి ప్రాంతంలో ఆవాసాన్ని నిర్ణయించేది నీటి పరిమాణం ఒక్కటే కాదు. అక్టోబరు–ఏప్రిల్ మధ్య మట్టం తగ్గే వేగం, పలుచని అంచు విస్తీర్ణం అంతే ముఖ్యం.

• ఎత్తిపోతల పథకాల కింద చెరువులను అక్టోబరు లోపు నింపి, శీతాకాలంలో తూము ద్వారా మెల్లగా తగ్గనిచ్చే పద్ధతిని కనీసం ఒక గొలుసులోని కొన్ని కుంటలకైనా పాటించవచ్చు. పూడికతీతలో ఒకవైపు శిఖం అంచును వాలుగా వదిలివేయవచ్చు.

• 2017 నియమాల మినహాయింపు కొనసాగినంతకాలం 2002 జీవవైవిధ్య చట్టం మరొక దారి చూపుతుంది. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ పెద్దచెరువు జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది ఈ దారిలోనే. పంచాయతీ, పురపాలక స్థాయి జీవవైవిధ్య కమిటీలు తమ రిజిస్టర్లలో కుంటలను, వాటి నీటి పంచాంగాన్ని నమోదు చేయగలవు. స్థానిక కళాశాలల జీవశాస్త్ర, తెలుగు శాఖలు కలిసి పక్షుల స్థానిక నామాలను, రాకపోకల తేదీలను సేకరించగలవు.

• ‘విదేశీ అతిథి’, ‘నిండుకుండ చెరువు’ వంటి వాడుకమాటలు అమాయకమైనవి కావు. అవి విధానాన్ని తీర్చిదిద్దుతాయి. చెరువు అంటే ఎన్ని ఎకరాలకు నీరు అనే ప్రశ్న పక్కనే, జనవరిలో దాని అంచున ఎంత బురద మిగిలింది అనే ప్రశ్న కూడా నీటిపారుదల నివేదికలో చేరిన రోజున పక్షికి చెరువు నిర్వచనంలో చోటు దొరికినట్లు.